ఆఖరికి ఏం తిన్నరు?

కుల్సుం డిగ్రీ చదివింది. పంజాగుట్టలో ఒక కంపెనీ హెచ్‌.ఆర్‌. విభాగంలో పనిచేసేది. కానీ అమీర్‌పేటలో ఆమె ఉండే గల్లీలో ఎవరినడిగినా ఈ రెండింట్లో ఒక్కటీ చెప్పరు. చావు జరిగిన ఇంట్లో ఆమె వచ్చి పక్కన కూర్చుంటే చాలు, బిగుసుకుపోయినవాళ్లు కూడా నోరు తెరిచి ఏడుస్తారని చెప్తారు. పుర్సాకు, అంటే చావు ఇంటి పలకరింపుకు, హిందువుల ఇల్లయినా ముస్లింల ఇల్లయినా ముందు ఆమెకే కబురు పోతుంది.

అంత ఓపికున్న మనిషి ఆఫీసులో చేసిన పనేమిటంటే, జనం చేత రాజీనామాల మీద సంతకాలు పెట్టించడం. ముప్పై ఎనిమిది మంది చేత పెట్టించింది. ముప్పై తొమ్మిదో మనిషి నర్సింహులు. ఆయన దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆడలేదు. ఆడకపోవడమే ఆమె జీవితంలో చేసిన గొప్ప పని అని నేనంటాను. ఆమె మాత్రం ఒప్పుకోదు. ముప్పై ఎనిమిది మంది సంగతేమిటని ఎదురడుగుతుంది.

పలకరింపు విద్య ఆమెకు ఊరికే రాలేదు. భర్త బిలాల్ సనత్‌నగర్‌లో మోటార్ల రివైండింగ్ పని చేసేవాడు. పద్నాలుగేళ్ల కింద ఒక గురువారం మధ్యాహ్నం వర్క్‌షాపులోనే కుప్పకూలి, మళ్లీ లేవలేదు. వచ్చినవాళ్లంతా ఓపిక పట్టమన్నారు, దేవుడి నిర్ణయమన్నారు, పిల్లలు లేరు కదా ఇంకా వయసుంది కదా అని తెలివి తక్కువ మాటలు కూడా అన్నారు. కుల్సుంకు కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. మూడో రోజు గల్లీ చివరి ఇంటి ముసలామె వచ్చింది. ఆమె పేరు కూడా కుల్సుంకు తెలియదు. ముందు గ్లాసెడు నీళ్లు చేతికిచ్చి, తాగేదాకా చూసి, పక్కన చాప మీద కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఆఖరికి ఏం తిన్నడు బేటా?"

"ఖిచిడీ, చింతపండు ఖట్టా" అంది కుల్సుం. "సగమే తిన్నడు. మిగిలింది పొద్దుమూకినంక వచ్చి తింట అని మూత పెట్టి పోయిండు." ఆ మాట అనగానే మూతపెట్టిన ఆ పళ్లెం కళ్ల ముందుకొచ్చింది. అప్పుడు ఏడ్చింది. గల్లీ అంతా వినిపించేలా ఏడ్చింది. ఆ ముసలామె లేకపోతే తనకు పిచ్చెక్కేదని ఇప్పటికీ అంటుంది.

అప్పటి నుంచి ఎవరి ఇంటికి పోయినా అదే పద్ధతి. నీళ్లు, పక్కన కూర్చోవడం, మాట్లాడకుండా ఉండటం, చివర్లో ఆ ఒక్క ప్రశ్న. పోయినవాళ్లు ఎంత గొప్పవాళ్లో అడిగితే జనం ఉపన్యాసమిస్తారు. ఆఖరికి ఏం తిన్నారని అడిగితే మనిషి గుర్తొస్తాడు.

ఇక ఆమె కంపెనీ. అమీర్‌పేటలో నాలుగు సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు, పంజాగుట్టలో అద్దాల హెడ్డాఫీసు. పేరు చెప్పను. చెప్పినా ఆ వీధిలో అలాంటి బోర్డులు వంద. దాని ఎం.డి. ప్రమోద్‌కు నలభై లోపే. సనత్‌నగర్ ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు, కష్టపడి పైకొచ్చాడు, అందులో అబద్ధం లేదు. ఆయనలో ఒక విచిత్రం ఉండేది. ఎవరితో మాట్లాడితే వాళ్ల యాస వచ్చేసేది. నర్సింహులుతో "ఏమే నర్సన్నా, మంచిగున్నవా" అనేవాడు. గుంటూరు నుంచి కొడుకును చేర్పించడానికొచ్చిన తండ్రితో "మీకెందుకండీ, అబ్బాయిని మాకు వదిలెయ్యండి" అనేవాడు. కుల్సుంతో ఉర్దూ కలిపేవాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి రెండు నిమిషాలు మాట్లాడితే ఆ మనిషి రెండు రోజులు గాల్లో తేలేవాడు. మరి ఆయన సొంత యాస ఏదని అడగాలని ఎవరికీ తోచలేదు. కుల్సుంకూ తోచలేదు.

మూడేళ్ల కింద జావా చెప్పే ఖలీద్ పోయాడు. నలభై ఒక్కేళ్లు. పొద్దున ఆరింటి బ్యాచ్ నుంచి రాత్రి తొమ్మిదింటి బ్యాచ్ దాకా నిలబడి చెప్పిన మనిషి, ఒకరోజు బోర్డు ముందే గుండె పట్టుకున్నాడు. ఖైరతాబాద్‌లో వాళ్లింటికి ప్రమోద్ వచ్చాడు. గుమ్మం బయట బూట్లతోనే నిలబడి, లోపలున్న జనాన్ని చూస్తూ, పరీక్షకు సిలబస్ తెలియకుండా వచ్చినవాడిలా ఉండిపోయాడు. అప్పటికే అక్కడున్న కుల్సుంకు జాలేసింది.

"సార్, ఏం కాదు, రాండ్రి. ఖలీద్ వాళ్ల నాయిన లోపల ఉన్నడు" అంది.

"ఏం మాట్లాడాలి కుల్సుం గారూ?" అన్నాడాయన మెల్లగా. "నాకిది ఎప్పుడూ సరిగా రాదు."

పెద్ద మనిషి తనకు రాదని ఒప్పుకోవడం ఆమె ఆఫీసు జీవితంలో అదే మొదటిసారి వినడం. కరిగిపోయింది. బూట్లు ఎక్కడ విప్పాలో, నీళ్ల గ్లాసు ఎట్లా అందించాలో, తొందర లేనట్టు ఎంతసేపు కూర్చోవాలో చెప్పింది. చివర్లో అడగాల్సిన ప్రశ్న కూడా చెప్పింది. అది తనదాకా ఎట్లా వచ్చిందో, బిలాల్ పళ్లెం సంగతి, అదీ చెప్పింది. ఆయన శ్రద్ధగా విని ఫోన్లో ఏదో రాసుకున్నాడు. ఎంత వినయం అనుకుంది. ఆమె చేసిన తప్పల్లా అదే, ఎవరికీ చెప్పని మాట ఆయనకు చెప్పింది.

ప్రమోద్ లోపలికి పోయి ఖలీద్ తండ్రి హైదర్ సాబ్ పక్కన చాప మీద కూర్చున్నాడు. నీళ్లిచ్చాడు. చాలాసేపు తల వంచుకున్నాడు. తర్వాత ఆ ప్రశ్న అడిగాడు. అరవై ఎనిమిదేళ్ల హైదర్ సాబ్ ఆయన భుజం మీద వాలి పసిపిల్లాడిలా ఏడ్చాడు. తలుపు చాటు నుంచి చూస్తున్న కుల్సుంకూ కళ్లు తడిశాయి. బయటికొచ్చి బూట్లు తొడుక్కుంటూనే ప్రమోద్ ఫోన్ చెవిన పెట్టి, "ఆరింటి బ్యాచ్ ఎవరికిచ్చారు? రేపు ఒక్క స్టూడెంట్ కూడా ఫీజు వెనక్కి అడగకూడదు" అన్నాడు. గొంతులో ఎక్కడా తడి లేదు. పెద్దోళ్లకు వంద పనులుంటాయని కుల్సుం సర్దిచెప్పుకుంది.

ఆర్నెల్లకు ఆమెకు ప్రమోషన్ వచ్చింది. పీపుల్ కేర్ మేనేజర్. ప్యాంట్రీ పక్కన చిన్న గది, దానికి కేర్ రూమ్ అని బోర్డు. "మనుషుల్ని పంపించేటప్పుడు మర్యాదగా పంపించాలి, అది మీకే చేతనవుతుంది" అన్నాడు ప్రమోద్. ఆమె నమ్మింది. ఫ్రిజ్ నీళ్లు గొంతు పట్టేస్తాయని ఇంటి నుంచి తన మట్టి సురాయి, అంటే కూజా, తెచ్చి ఆ గదిలో పెట్టుకుంది. ఉద్యోగం పోబోతున్నవాళ్లు లోపలికొచ్చేవాళ్లు. నీళ్లిచ్చేది, పక్కన కూర్చునేది, మౌనంగా ఉండేది, పొద్దున ఏమైనా తిన్నావా అని అడిగేది. వాళ్లు ఏడ్చేవాళ్లు. ఏడ్చినవాళ్లకు కోపం మిగలదు. కాగితం ముందుకు జరిపితే సంతకం చేసి, పోతూ పోతూ ఆమెకే థ్యాంక్స్ చెప్పేవాళ్లు. లేబర్ ఆఫీసు గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు. సుష్మిత అనే పిల్లను అసిస్టెంటుగా ఇస్తే, ఆ పిల్లకూ ఈ పని నేర్పింది. పాపం, తను దెబ్బకు మందు రాస్తున్నాననుకుంది. మందు రాసే మనిషి ఉంది కాబట్టే దెబ్బలు పెరుగుతున్నాయని ఆమెకు తట్టలేదు.

ఈ ఏడు ఫిబ్రవరి నాలుగో తారీఖు, మంగళవారం, ప్రమోద్ ఆమెను పిలిచి ఒక పేరు చెప్పాడు. నర్సింహులు. నాలుగు సెంటర్లలో కరెంటు, ఏసీలు చూసే మనిషి, పదకొండేళ్ల సర్వీసు. మెయింటెనెన్స్ పని బయటి ఏజెన్సీకి ఇస్తున్నారు, పదిహేనో తారీఖు ఇన్వెస్టర్లు వస్తున్నారు, ఆలోపు లిస్టులో ఆ పేరు ఉండకూడదు. రేపే సంతకం కావాలి.

కుల్సుంకు వెంటనే ఆయన ఇల్లు గుర్తొచ్చింది. నర్సింహులు భార్య లచ్చమ్మకు గుండె కవాటం పాడైంది. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఆస్పత్రిలో చేర్చుకున్నారు. పద్దెనిమిదో తారీఖు ఆపరేషన్, ఖర్చంతా ఆఫీసు ఇన్సూరెన్సు మీద. కంపెనీ తీసేస్తే నెల నోటీసివ్వాలి, ఆ నెలంతా ఇన్సూరెన్సు ఉంటుంది. తనంతట తనే రాజీనామా చేస్తే ఆ పూటతోనే అన్నీ పోతాయి. సంతకం పడితే ఆపరేషన్ లేదు. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

"సార్, పదిహేను రోజులు ఆగుండ్రి" అంది. "అక్కకు ఆపరేషన్ అయిపోనియ్యండ్రి. మస్తు బక్కగైపోయింది. మొన్న చూసొచ్చిన. మంచం దిగలేకపోతున్నది."

ప్రమోద్ లేచి వచ్చి, టేబుల్ మీది గ్లాసులో నీళ్లు పోసి ఆమె చేతికిచ్చాడు. తన కుర్చీ వదిలేసి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. తల కొంచెం వంచి మౌనంగా ఉన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా నిజం చెప్పాలి, ఆ మౌనంలో కుల్సుంకు నిజంగానే హాయిగా అనిపించింది. సార్ విన్నాడు, ఆగుతాడు అనుకుంది. అప్పుడాయన కళ్లెత్తి, గొంతు తగ్గించి, ఎంతో ఆర్తితో అడిగాడు.

"అయ్యో లచ్చమ్మ. ఆఖరికి ఏం తిన్నదంట?"

కుల్సుంకు ఒక క్షణం అర్థం కాలేదు. "సార్, ఆమె బతికే ఉన్నది" అంది.

మామూలు మనిషైతే నాలిక్కరుచుకుంటాడు. ముఖం ఎర్రబడుతుంది. ప్రమోద్ ముఖంలో అలాంటిదేమీ లేదు. లెక్క ఎక్కడ తప్పిందో చూసుకునేవాడిలా కనుబొమలు ముడిచాడు, అంతే.

"ఓ. అది పోయినవాళ్ల గురించే అడగాలా?" అన్నాడు. తర్వాత అందంగా నవ్వాడు. "సరే, గుర్తుపెట్టుకుంటాను. రేపు మధ్యాహ్నంలోగా చేయించండి."

ఆమె బయటికొచ్చి కేర్ రూమ్‌లో తలుపేసుకుని కూర్చుంది. ఆ మనిషి కోప్పడి ఉంటే ఇంత భయం వేసేది కాదు. బిలాల్ సగం వదిలిన పళ్లెం నుంచి పుట్టిన మాట అది. దాన్ని ఆయన ఏ కూర తర్వాత ఏది వడ్డించాలో గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకున్నాడు. హైదర్ సాబ్ భుజం మీద పడి ఏడ్చినప్పుడు ఆయన లోపల ఏముందో ఇప్పుడు తెలిసింది. ఏమీ లేదు.

సాయంత్రం ఇంట్లో అక్క కూతురు గజాలా ఉంది. సైకాలజీ ఎం.ఎస్సీ. చదువుతుంది, కుల్సుం దగ్గరే ఉంటుంది. జరిగిందంతా చెప్తే ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టేసింది.

"సైకోపతీ అంటరు ఖాలా. సినిమాల చూపెట్టినట్టు కత్తులు పట్టుకుని తిరగరు. మంచిగ మాట్లాడుతరు, ఎదుటోళ్ల బాధ తెలుస్తది గానీ తగలది. చేసిన దానికి బాధ సుత ఉండదు. గిసోంటి లక్షణాలున్నోళ్లు పెద్ద కుర్చీలల్ల మామూలు కంటే జర ఎక్కువ ఉంటరని కొందరు పరిశోధన చేసిన్రు. ఒకరిని తీసెయ్యాలంటే మనకు నిద్ర పట్టది, వాళ్లకు పడ్తది. దాన్నే కంపెనీలోళ్లు ధైర్యం అంటరు, లీడర్‌షిప్ అంటరు." అని కొంచెం ఆగింది. "కానీ మీ సార్ గదేనని నేను చెప్పలేను. అది డాక్టర్ కూర్చోబెట్టి చూడాలె. మనకు నచ్చనోళ్లందరికీ గా పేరు తగిలించొద్దు."

"దానికి మందున్నదా?"

"పెద్దగ లేదు ఖాలా."

కుల్సుంకు ఆ మనిషి మీద కోపం రావాల్సింది. జాలి వచ్చింది. రేపు ఆయన తల్లి పోతే గుమ్మంలో బూట్లతో నిలబడి సిలబస్ కోసం వెతుక్కుంటాడు కదా అనుకుంది. ఆ వెంటనే ఇంకో మాట తోచి ఆ జాలి ఆగిపోయింది. ఆయనకు బాధ తగలదు సరే, అన్నీ తగిలే తను ముప్పై ఎనిమిది మందిని అదే నీళ్లతో, అదే మౌనంతో ఇంటికి పంపింది. బతికున్నవాళ్లకు పుర్సా ఇచ్చింది. ఆయనకు చెయ్యి కావలసి వస్తే, అది తనదే అయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

బుధవారం పదకొండింటికి నర్సింహులు కేర్ రూమ్‌లోకి వచ్చాడు. చేతిలో టెస్టరు, నుదుటి మీద చెమట. ఏసీ బాగుచెయ్యడానికి పిలిచారనుకుని పైకి చూశాడు.

కుల్సుం కూర్చోలేదు, కూర్చోమనలేదు. ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడింది. తన మీద తనకు నమ్మకం లేదు. పక్కన కూర్చుంటే ఆయన ఏడుస్తాడు, ఏడిస్తే తను కరుగుతుంది, కరిగితే చెయ్యి అలవాటుగా కాగితం మీదికి పోతుంది. అందుకని గొంతు గట్టిగా పెట్టింది.

"నర్సింహులన్నా, నిన్ను తీసేస్తున్నరు. గీ కాగితం మీద సంతకం పెట్టమంటరు. పెట్టకు."

ఆయన టెస్టరు కిందికి దించాడు. "మేడమ్, నేనేం తప్పు చేసిన?"

"ఏం చెయ్యలే. నేను చెప్పేది ఇను. నువ్వు సంతకం పెట్టకుంటే నెల నోటీసియ్యాలె. గా నెలల అక్కకు ఆపరేషన్ అయిపోతది. పెడితే ఇయ్యాలనే అన్నీ బంద్. తెలుస్తున్నదా? ఎవరు చెప్పినా పెట్టకు. సారొచ్చి భుజం మీద చెయ్యేసినా పెట్టకు. రేపు నేనే వచ్చి పెట్టమన్నా పెట్టకు."

నర్సింహులు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్లలో ఆమె ఆయనతో ఇట్లా మాట్లాడలేదు. గదిలోకి వచ్చినవాళ్లందరికీ ఆమె ముందు నీళ్లిస్తుందని ఆయనకూ తెలుసు. సురాయి వైపు చూశాడు.

"మేడమ్, జర నీళ్లు..."

"ఈడ తాగకు. బయట తాగు, పో."

దప్పికైన మనిషికి నీళ్లు లేవన్నది ఆమె జీవితంలో ఆ ఒక్కసారే. ఆయన వెళ్లాక తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

నర్సింహులు సంతకం పెట్టలేదు. ఆరో తారీఖు ఆయనకు నెల నోటీసు ఇచ్చారు. ప్రమోద్ కుల్సుంను ఒక్క మాట అనలేదు. కారిడార్లో ఎదురైతే నవ్వి, గజాలా చదువెట్లా సాగుతోందని కూడా అడిగాడు. కోపం పెట్టుకోవడం ఆయనకు అక్కర్లేని పని. పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం ఆమెను కేర్ రూమ్‌కు పిలిపించారు. లోపల సుష్మిత ఉంది.

సుష్మిత కుల్సుం సురాయి నుంచే నీళ్లు వంచి ఇచ్చింది. సగం కింద ఒలికాయి. పక్కన కూర్చుంది. మౌనంగా ఉండాలి కాబట్టి ఉంది, కానీ ముక్కు ఎగబీలుస్తోంది. ఒళ్లో పెట్టుకున్న ఫోన్లోకి మాటిమాటికీ చూస్తోంది.

"ఏందది? చూపియ్యి బిడ్డా" అంది కుల్సుం.

ట్రైనింగ్ నోట్. అన్ని బ్రాంచీలకూ పంపారట. పైన ఆమె పేరే, కుల్సుం పద్ధతి. కింద వరస పెట్టి నీళ్లు, పక్కన కూర్చోవడం, రెండు నిమిషాల మౌనం. చివరి అంశం: ఆఖరికి ఏం తిన్నారని అడగాలి. దాని పక్కన కొత్తగా ఎర్రక్షరాల్లో: కుటుంబంలో మరణం ఉంటేనే.

నేర్చుకున్నాడు. గుర్తుపెట్టుకుంటానన్నవాడు గుర్తుపెట్టుకున్నాడు.

కుల్సుం ఆ నోట్ రెండుసార్లు చదివింది. సుష్మిత ముందున్న రెండు కాగితాల్లో తన నోటీసు లాక్కుని, అందినట్టు సంతకం చేసింది. రాజీనామా కాగితం మాత్రం వెనక్కి నెట్టింది. గ్లాసులో మిగిలిన నీళ్లు సుష్మిత ముందు పెట్టింది. "ఇవి నువ్వు తాగు. నీకే ఎక్కువ దప్పికైతున్నది" అంది. తర్వాత సురాయిలో నీళ్లు మొక్కల కుండీలో పారబోసి, దాన్ని చంకన పెట్టుకుని బయటికి నడిచింది. పంజాగుట్ట చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఆఫీసు ఐడీ కార్డు మెడలో, మట్టి సురాయి చంకలో ఉన్న ఆమెను వింతగా చూశారు.

పద్దెనిమిదో తారీఖు ఆపరేషన్ అయింది. నాలుగో రోజు వార్డులోకి మార్చారని నర్సింహులు ఫోన్ చేస్తే కుల్సుం పోయింది. లచ్చమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది గానీ కళ్లు చురుగ్గా ఉన్నాయి.

కుల్సుం అలవాటు కొద్దీ గ్లాసులో నీళ్లు పోసింది. తాగించింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, లచ్చమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ప్రశ్న గొంతులోకి వచ్చింది. ఇక జన్మలో అడగకూడదని ఒట్టు పెట్టుకున్న ప్రశ్న. కానీ ఈ మనిషి బతికి ఉంది, ఎదురుగా ఉంది, జవాబు తనే చెప్పగలదు.

"ఇయ్యాల ఏం తిన్నవ్ అక్కా?"

"ఏం తింట!" అని లచ్చమ్మ విరుచుకుపడింది. "ఉప్పు లేని జావ పోస్తున్నరు చెల్లె, గొంతు దిగుతలేదు. ఆ నర్సుకు జర చెప్పు. నా మొగనికైతే నోరే లేదు."

కుల్సుం నవ్వుతూ ఏడ్చింది. లచ్చమ్మకు ఎందుకో అర్థం కాలేదు. జావ సంగతి మాత్రం వదలలేదు. మాట్లాడుతూనే ఉంది. కుల్సుం వింటూనే ఉంది.